తెలుగు పెడితే యాప్ బరువెక్కుతుందా? అక్షరాలు గీసే కోడ్‌లో మెమరీ లీక్‌ల ఆచూకీ

క్లుప్తంగా

ఇంగ్లిష్‌లో సాఫీగా నడిచిన యాప్, భాషను తెలుగుకు మార్చిన కొంతసేపటికి మందగించి చివరకు తనంతట తానే మూసుకుపోతే, నింద సాధారణంగా తెలుగు ఫాంటు మీద పడుతుంది. చాలా సందర్భాల్లో ఆ నింద చెల్లదు. తెలుగు పాఠానికి పట్టే మెమరీ స్వల్పం. ఆ పాఠానికి తగిలించిన లింకులు, వరుస ఎత్తు సవరణలు, బొమ్మలు పట్టుకుని వదలని తెరలే అసలు బరువు. తెలుగు ఈ లోపాన్ని పుట్టించదు, కానీ ఇంగ్లిష్ కంటే ముందుగా బయటపెడుతుంది. మెమరీ లీక్‌ను, అంటే పని అయ్యాక కూడా తిరిగి రాని మెమరీని, పట్టుకోవడానికి ఒకే పద్ధతి సరిపోదు. జావా మెమరీలో (వ్యవస్థే శుభ్రం చేసేది) ఎవరు పట్టుకున్నారో, నేటివ్ మెమరీలో (సీ++ వంటి కోడ్ నేరుగా తీసుకునేది) ఎవరు అడిగి తీసుకున్నారో, క్యాష్‌లో (మళ్ళీ వాడడానికి దాచుకునే చోటు) పెరుగుదల ఎక్కడ ఆగుతుందో వేరువేరుగా చూడవలసి ఉంటుంది.

ఫిర్యాదు మొదలయ్యే చోటు

2023లో నల్గొండలోనూ, మహబూబ్‌నగర్ శివారులోని దివిటిపల్లిలోనూ ఐటీ టవర్లు ప్రారంభమయ్యాయి. హైదరాబాద్ వెళ్ళకుండా జిల్లాలోనే ఉండి యాప్‌లు రాయాలనుకునే చిన్న బృందాలకు ముందుగా తట్టేవి చుట్టుపక్కల అవసరాలే: మార్కెట్ యార్డుల ధరలు, జిల్లా వార్తలు, బస్సు వేళలు, పంచాంగం. వీటన్నిటిలోనూ తెర నిండా ఉండేది పాఠమే. కాబట్టి పాఠాన్ని గీసే కోడ్‌లో చిన్న లోపం ఉన్నా యాప్ మొత్తం మీద కనిపిస్తుంది.

ఒక ఊహాత్మక ధరల యాప్‌ను ఉదాహరణగా తీసుకుందాం. బాదేపల్లిలో వేరుశనగ, దేవరకద్రలో ఉల్లిగడ్డ, మిర్యాలగూడలో వడ్లు ఏ రోజు ఏ ధర పలికాయో ఇది వరుసగా చూపిస్తుంది. యార్డు పేరు మీద నొక్కితే వివరాల పేజీ తెరుచుకుంటుంది, అక్కడి నుంచి ఆ ధరను బొమ్మగా మార్చి వాట్సాప్‌లో పంపుకోవచ్చు. రాసేవారు దీన్ని ఎక్కువ మెమరీ ఉన్న ఫోన్‌లో, చాలాసార్లు ఇంగ్లిష్ పాఠంతోనే పరీక్షిస్తారు. వాడేవారు రెండు మూడు జీబీల ఫోన్‌లో, తెలుగులో, ఒకటి తర్వాత ఒకటిగా ఇరవై యార్డులు తెరిచి చూస్తారు. ప్రతి పేజీ మూసినప్పుడు దాని మెమరీ తిరిగి రావాలి. అది రాకుండా పోగుపడితే పదో పేజీ దాటాక స్క్రోలింగ్ తడబడుతుంది, ఇరవయ్యో పేజీకి చేరేసరికి యాప్ మాయమవుతుంది. అప్పుడు వినిపించే మాట ‘తెలుగు పెట్టినంక ఆగిపోతున్నది’ అని. గమనింపు సరైనదే, దాని నుంచి తీసే నిర్ధారణే తప్పు.

పాఠం బరువు ఎంత?

‘నల్గొండ’ అనే మాటలో యూనికోడ్ సంకేతాలు ఏడు: న, ల, పొల్లు, గ, ఒత్వం, సున్న, డ. ఆండ్రాయిడ్‌లో ఒక్కో తెలుగు సంకేతానికి 2 బైట్లు పడతాయి కాబట్టి మొత్తం 14 బైట్లు. అదే పేరు ఇంగ్లిష్‌లో ఎనిమిది అక్షరాలు. ఆండ్రాయిడ్ 8.0 నుంచి సాదా ఇంగ్లిష్ పాఠాన్ని అక్షరానికి ఒక్క బైటుగా కుదించి దాచే ఏర్పాటు ఉన్నందున అక్కడ 8 బైట్లు చాలు. తెలుగు దాదాపు రెట్టింపు అన్న మాట నిజమే. కానీ ఇలాంటి పదివేల పేర్లను మెమరీలో ఉంచినా, ఒక్కో పేరుకు ఉండే అదనపు ఖర్చును కూడా కలుపుకొని అది ఎంబీ లోపే ముగిసే లెక్క.

దీనికి ఎదురుగా ఒక బొమ్మను పెట్టి చూడాలి. 1080×2400 చుక్కల తెరను పూర్తిగా బొమ్మగా మార్చితే, చుక్కకు 4 బైట్ల చొప్పున 1,03,68,000 బైట్లు, అంటే సుమారు 10 ఎంబీ అవుతుంది. వాట్సాప్‌కు పంపడానికి తయారుచేసిన ఒక్క బొమ్మ, మూసేసిన పేజీతో పాటు మెమరీలో మిగిలిపోతే, ఏడు లక్షలకు పైగా ‘నల్గొండ’లు మిగిలినంత బరువు. లీక్ వెతికేవారు అక్షరాల్ని లెక్కపెట్టడం మాని, అక్షరాలు దేన్ని పట్టుకుని ఉన్నాయో చూడవలసింది ఇందుకే.

అక్షరం తెర మీదికి వచ్చే దారి

ఇంగ్లిష్ అక్షరాన్ని ఒకదాని పక్కన ఒకటి పేర్చుకుంటూ పోతే దాదాపు సరిపోతుంది. తెలుగులో అది కుదరదు. ‘రాష్ట్రం’లో సంకేతాలు ఎనిమిది ఉన్నా, తెర మీద గీయవలసిన ఆకారాలు ఎన్ని, ఏ వత్తు ఎక్కడ కూర్చోవాలి అన్నది ఫాంటులోని నియమాలను చదివి తేల్చాలి. ఆండ్రాయిడ్‌లో ఈ పని చేసేది హర్ఫ్‌బజ్ అనే లైబ్రరీ (సిద్ధంగా దొరికే కోడ్). పాలమూరులో ఉర్దూ చదువుకున్నవారికి హర్ఫ్ అంటే అక్షరమని తెలుసు. పారశీకంలో ‘తెరిచిన అక్షరం’ అనే అర్థం వచ్చేలా, ఓపెన్‌టైప్ (ఒక ఫాంటు పద్ధతి) అన్న మాటకు సాటిగా ఆ పేరు పెట్టారు.

ఈ కూర్పు ఖర్చుతో కూడుకున్నది కాబట్టి ఒకసారి కూర్చిన మాటను వ్యవస్థ దాచిపెట్టుకుంటుంది. ఆండ్రాయిడ్ పాఠ వ్యవస్థలోని మినికిన్ అనే భాగం కూర్చిన మాటలను 5,000 వరకు దాచి, ఆ పైన చాలాకాలంగా వాడని వాటిని తీసేస్తుంది. గీసిన ఆకారాలను దాచే క్యాష్ ఆ కింద ఉన్న గీసే పని చేసే స్కియా అనే లైబ్రరీలో మరొకటి ఉంది. దానికీ పరిమితి ఉంది.

ఈ క్యాష్‌లు తెలుగులో వేగంగా నిండుతాయి. ఇంగ్లిష్‌లో విడివిడిగా ఉండే మాటలు తెలుగులో క్రియకు, నామానికి అంటుకుని వస్తాయి. పోయిండు, పోయిండట, పోయిండని, పోయిండనుకుంటే అన్నవి మనిషికి ఒకే మాట రూపాలు, క్యాష్‌కు నాలుగు వేరువేరు మాటలు. అక్షరాల పరిమాణం మారినా కొత్త నమోదే. అందువల్ల రెండు వేళ్ళతో పాఠాన్ని పెద్దది చేసే సదుపాయం ఉన్న వార్తల యాప్‌లో, ఒక్క కథనమే పలు పరిమాణాల్లో పలుసార్లు దాచుకోబడుతుంది.

‘మహబూబ్‌నగర్’ అన్న పేరులో ఇంకో చిక్కు ఉంది. బ్ తర్వాత న వత్తుగా కిందికి జారకుండా, కంటికి కనిపించని ఒక విడదీసే సంకేతాన్ని మధ్యలో పెడతారు. కొందరు పెడతారు, కొందరు పెట్టరు. ఒకే జిల్లా పేరు డేటాలో రెండు రకాలుగా ఉంటే క్యాష్‌లో రెండు నమోదులు అవుతాయి, వెతికినప్పుడు రెండు జిల్లాలు అవుతాయి. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్‌లలో జ్ఞ అక్షరంతో కూడిన ఒక తెలుగు గుణింతం కనిపించగానే యాప్‌లు కూలిపోయిన ఉదంతంలోనూ ఇదే కనిపించని సంకేతం ఉంది. ఐఓఎస్ 11.2.6తో దాన్ని సరిచేశారు. అయితే అది కూర్పు కోడ్‌లోని లోపం వల్ల వెంటనే జరిగిన కూలుబాటు, మెమరీ లీక్ కాదు. లీక్ ఒక్కసారిగా కూలదోయదు, కొద్దికొద్దిగా నింపుతూ పోతుంది. ఆ రెండింటినీ ఒకే గాటన కట్టడం వల్లే తెలుగు మీద నింద మరింత బలపడింది.

నిండిన తొట్టి, కారే తొట్టి

క్యాష్ నిండుతున్నప్పుడూ, లీక్ జరుగుతున్నప్పుడూ గ్రాఫ్ మొదట ఒకేలా పైకి వెళ్తుంది. తేడా ఆ తర్వాత తెలుస్తుంది. క్యాష్ నిండాక గీత చదునవుతుంది, లీక్ గీత అదే వాలుతో పోతూనే ఉంటుంది. కాబట్టి ఒకసారి కొలిచి ‘ఇంత ఉంది’ అనడం వల్ల ప్రయోజనం లేదు. ఒకే పనిని పదేపదే చేసి, ప్రతిసారీ ఎంత మిగిలిందో చూడాలి.

దీనికి పాతకాలపు చిట్కా ఒకటి బాగా పనికొస్తుంది. వివరాల పేజీని సరిగ్గా ఏడుసార్లు తెరిచి మూయాలి. పదిసార్లు, ఇరవైసార్లు కాకుండా ఏడే ఎందుకంటే, ఏడు అంకె మామూలు లెక్కల్లో యాదృచ్ఛికంగా తగలడం తక్కువ. ఆ తర్వాత, ఎవరూ వాడని మెమరీని తుడిచే గార్బేజ్ కలెక్టర్‌ను నడిపించి, హీప్ డంప్ (మెమరీలో మిగిలిన వస్తువులన్నిటి జాబితా) తీస్తే, ఏ రకం వస్తువులు 7, 14, 21 చొప్పున మిగిలాయో అవే అనుమానితులు. కలెక్టర్‌ను నడిపించకుండా లెక్క చూస్తే ఇంకా తుడవని చెత్త కూడా లీక్‌లాగే కనిపిస్తుంది. తొలిసారి వెతికేవారు ఎక్కువగా పొరబడేది ఇక్కడే.

హీప్ డంప్ దాకా పోకముందే డంప్‌సిస్ మెమ్‌ఇన్ఫో అనే ఆదేశం చాలా చెబుతుంది. కంప్యూటర్‌కు ఫోన్‌ను కలిపి యాప్ పేరుతో దీన్ని నడిపితే జావా హీప్, నేటివ్ హీప్, గ్రాఫిక్స్ మెమరీలను విడివిడిగా చూపి, కింద వ్యూలు (తెర మీది భాగాలు), యాక్టివిటీలు (ఒక్కో తెర) ఎన్ని ఉన్నాయో ఇస్తుంది. పేజీలన్నీ మూసి మొదటి తెర మీదికి వచ్చాక కూడా యాక్టివిటీల సంఖ్య ఎనిమిది ఉంటే, మూసిన ఏడింటినీ ఎవరో పట్టుకున్నారు. ఆ సంఖ్య ఒకటే ఉండి నేటివ్ హీప్ మాత్రం పెరుగుతుంటే కథ వేరు. అది తర్వాత.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఆండ్రాయిడ్ 8.0 నుంచి బొమ్మల చుక్కలు జావా హీప్‌లో కాకుండా నేటివ్ హీప్‌లో ఉంటాయి. కాబట్టి పట్టుకున్నది జావా వస్తువు అయినా, ఉబ్బేది నేటివ్ అంకె. అంకెను నమ్మి సీ++ కోడ్‌ను రోజుల తరబడి వెతికితే ఏమీ దొరకదు.

స్పాన్ పట్టుకున్న తెర

పాఠ సంబంధమైన లీక్‌లలో అన్నిటికంటే తరచుగా కనిపించేది ఇదే కాబట్టి కాస్త వివరంగా చూడాలి. ఆండ్రాయిడ్‌లో పాఠంలోని ఒక భాగానికి రంగు, లావు, లింకు, ప్రత్యేక ఫాంటు పెట్టాలంటే ఆ భాగానికి ‘స్పాన్’ అనే వస్తువును తగిలిస్తారు. యార్డు పేరు మీద నొక్కితే పేజీ తెరవాలంటే క్లికబుల్‌స్పాన్ రాస్తారు. దాన్ని యాక్టివిటీ లోపలే పేరులేని క్లాసుగా రాయడం అలవాటు. జావా నియమం ప్రకారం అలాంటి క్లాసు తనను రాసిన యాక్టివిటీ చిరునామాను, కోడ్‌లో ఎక్కడా కనిపించకుండానే, తనతో మోస్తుంది. అంటే స్పాన్ దగ్గర తెర ఉంది, పాఠం దగ్గర స్పాన్ ఉంది.

ఇంతవరకు ప్రమాదం లేదు. తెర మూసుకుంటే పాఠం, స్పాన్, తెర మూడూ కలిసే పోతాయి. ప్రమాదం రెండో అడుగులో వస్తుంది. అలంకరించిన పాఠాన్ని ప్రతిసారీ తయారుచేయడం దండగ అనిపించి, తయారైనదాన్ని యాప్ ఉన్నంతకాలం ఉండే ఒక పట్టికలో దాస్తారు. వేగం కోసం చేసిన ఈ మంచి పనే తెరకు ఉరి అవుతుంది. పట్టిక పాఠాన్ని, పాఠం స్పాన్‌ను, స్పాన్ మూసేసిన యాక్టివిటీని, ఆ యాక్టివిటీ తనలోని వ్యూలన్నిటినీ, పంపడానికి చేసిన 10 ఎంబీల బొమ్మనూ పట్టుకుని ఉంటాయి. ఫోన్‌ను అడ్డంగా తిప్పినా పాత యాక్టివిటీ పోయి కొత్తది వస్తుంది కాబట్టి, పేజీ మార్చకుండా తిప్పుతూ ఉన్నా చాలు.

తెలుగులో ఇది ముందుగా బయటపడడానికి కారణం ఇక్కడుంది. ఇంగ్లిష్ పాఠాన్ని చాలా యాప్‌లు ఏ అలంకారమూ లేకుండా నేరుగా చూపిస్తాయి. తెలుగుకు వచ్చేసరికి, వత్తులు కింద తెగిపోతున్నాయని వరుస ఎత్తును మార్చే స్పాన్ ఒకటి, సొంత తెలుగు ఫాంటు కోసం మరొకటి, అంకెలు వేరే ఫాంటులో ఉండాలని ఇంకొకటి తగిలిస్తారు. ఇవి ఇన్ని ఉన్నందునే పాఠం తయారీ నెమ్మదించి, దాచుకోవాలనే ఆలోచన వస్తుంది. వత్తులు తెగే సమస్యకు ఆండ్రాయిడ్ 9 నుంచి వ్యవస్థలోనే వరుస ఎడాన్ని ఫాంటుకు తగ్గట్టు సర్దే ఏర్పాటు ఉంది. దాన్ని వాడుకోకుండా పాత చిట్కాను మోసుకొస్తున్న కోడ్ ఇంకా చాలానే ఉంది.

ఈ గొలుసును విప్పడానికి ఎక్కువమంది వాడేది స్క్వేర్ సంస్థ 2015లో విడుదల చేసిన లీక్‌కెనరీ. మూసేసిన యాక్టివిటీ మీద ఇది కన్నేసి ఉంచుతుంది. 5 సెకన్ల తర్వాత కూడా అది మెమరీలో మిగిలి ఉంటే దాన్ని అనుమానితుల జాబితాలో చేర్చుతుంది. యాప్ తెర మీద ఉన్నప్పుడు అలాంటివి ఐదు పోగవగానే హీప్ డంప్ తీసి, మొదటి నుంచి చివరి దాకా ఎవరు ఎవరిని పట్టుకున్నారో గొలుసుగా చూపిస్తుంది. మహబూబ్‌నగర్ పిల్లలమర్రి కింద నిలబడి చూస్తే ఏది మొదలో ఏది ఊడో తేల్చుకోవడం కష్టం. హీప్ డంప్‌ను నేరుగా తెరిచినప్పుడూ అంతే, ఒక్క యాక్టివిటీకి డజన్ల కొద్దీ దారులు కనిపిస్తాయి. వాటిలో చాలావరకు తెరలోనే పుట్టి తెరకే చేరే ఊడలు. లీక్‌కెనరీ మొదలు (కలెక్టర్ తుడవకుండా ఉంచే వస్తువు) నుంచి వచ్చే అతి పొట్టి దారిని మాత్రమే ఎంచి ఇస్తుంది. ఆ దారిలో ఎక్కువకాలం బతికే వస్తువు, త్వరగా పోవలసిన వస్తువును పట్టుకున్న లంకె ఏదో, దిద్దవలసింది దాన్ని.

దిద్దుబాటు రెండు విధాలు. స్పాన్‌లో తెర చిరునామాకు బదులు బలహీనమైన రిఫరెన్స్ (తెరను చూపుతుంది కానీ మెమరీలో పట్టి ఉంచదు) పెట్టడం మొదటిది. పని జరుగుతుంది కానీ అది అతుకు. దాచిన పాఠం మళ్ళీ వాడినప్పుడు లింకు ఎటూ తీసుకుపోని పరిస్థితి రావచ్చు. రెండోది మేలైనది: స్పాన్ దగ్గర యార్డు గుర్తింపు సంఖ్య వంటి డేటా మాత్రమే ఉంచి, నొక్కినప్పుడు ఏం చేయాలో ఆ క్షణాన తెర మీద ఉన్న పేజీకి వదిలేయడం. అప్పుడు పాఠాన్ని ఎంతకాలం దాచుకున్నా నష్టం లేదు.

గొలుసు చివర ఎప్పుడూ సొంత కోడే ఉంటుందన్న హామీ లేదు. ఆండ్రాయిడ్‌లోనే టెక్స్ట్‌లైన్ అనే భాగం పదేపదే వాడుకోవడానికి మూడు వస్తువులను అట్టే పెట్టుకునేది. పని అయ్యాక వాటిలోని పాఠాన్ని పూర్తిగా తుడవకపోవడం వల్ల ఆ పాఠపు స్పాన్‌ల ద్వారా తెర మిగిలిపోయేది. ఇందులో ఒక లోపాన్ని ఆండ్రాయిడ్ 5.1లో సరిచేశారు, మరొకటి తర్వాత దొరికింది. లీక్‌కెనరీ ఇలాంటివాటిని ‘లైబ్రరీ లీక్’ అని వేరుగా చూపిస్తుంది. చిల్లి మూడింటికే పరిమితం కాబట్టి గీత కొంత పెరిగి ఆగిపోతుంది. సొంత పట్టికలోని లీక్ ఆగదు.

నేటివ్ వైపు: తీసుకున్నది తిరిగి ఇవ్వకపోవడం

వ్యవస్థలోని పాఠ భాగాలను కాకుండా హర్ఫ్‌బజ్‌ను, ఫాంటు ఫైళ్ళను చదివే ఫ్రీటైప్‌ను నేరుగా యాప్‌లో కలుపుకునేవారూ ఉన్నారు. గేములు, ఫొటో మీద తెలుగు రాసే యాప్‌లు, ఈ-పుస్తక యాప్‌లు ఈ కోవలోవి. ఇక్కడ గార్బేజ్ కలెక్టర్ లేదు. తయారుచేసిన ప్రతి వస్తువుకూ ఒక లెక్క ఉంటుంది. పట్టుకున్నవారు పెరిగితే లెక్క పెరుగుతుంది, వదిలితే తగ్గుతుంది, సున్నా అయితే మెమరీ తిరిగి వస్తుంది. ఒక్క వదలడం తప్పిపోయినా ఎప్పటికీ సున్నా కాదు.

తప్పే చోట్లు దాదాపు తెలిసినవే. కూర్పు మధ్యలో ఏదో లోపం తగిలి ఫంక్షన్ ముందుగానే వెనక్కి తిరిగితే, చివరి వరుసలో రాసిన విడుదల పిలుపు నడవదు. ప్రతి వరుసకూ కొత్త బఫర్ (కూర్చే పాఠాన్ని ఉంచే తాత్కాలిక చోటు) తయారుచేస్తే అందులో ఏ ఒక్కటి మిగిలినా పోగుపడుతుంది. ఒకే బఫర్‌ను ఖాళీ చేసి మళ్ళీ వాడితే వేగమూ పెరుగుతుంది, తప్పే అవకాశమూ తగ్గుతుంది. మెమరీలో ఉన్న ఫాంటును ఫ్రీటైప్‌కు ఇచ్చినప్పుడు అది నకలు తీసుకోదు. ముఖ వస్తువును (ఫాంటుకు ఫ్రీటైప్ తయారుచేసే ప్రతిరూపం) మూసేదాకా ఆ మెమరీ అలాగే ఉండాలి. ముందే వదిలితే యాప్ కూలుతుంది, ఆ భయంతో అసలే వదలకపోతే లీక్. ఫ్రీటైప్ ముఖం నుంచి హర్ఫ్‌బజ్ ఫాంటును తయారుచేసే పిలుపులు కూడా రెండు రకాలు. ఒకటి ముఖం లెక్కను పెంచదు, మరొకటి పెంచుతుంది. ఏది వాడారో మరిచి విడుదల చేస్తే, ఒక దానితో కూలుబాటు, మరొక దానితో లీక్.

వీటిని లీక్‌కెనరీ చూడలేదు. ఆండ్రాయిడ్ 10 నుంచి ఉన్న హీప్‌ప్రాఫ్‌డీ, దాని కొలతలను చూపే పర్ఫెట్టో పనిముట్లు నేటివ్ కేటాయింపులను నమూనాలుగా గమనించి, తీసుకుని తిరిగి ఇవ్వని మెమరీని ఏ ఫంక్షన్ దారిలో తీసుకున్నారో చూపిస్తాయి. రెండు పద్ధతుల స్వభావంలో ఉన్న తేడా గుర్తుంచుకోదగినది. జావా హీప్ డంప్ ఎవరు పట్టుకున్నారో చెబుతుంది, ఎవరు తయారుచేశారో మామూలుగా చెప్పదు. నేటివ్ ప్రొఫైల్ ఎవరు తయారుచేశారో చెబుతుంది, ఎవరు పట్టుకున్నారో చెప్పదు. కాబట్టి ప్రొఫైల్‌లో హర్ఫ్‌బజ్ ఫంక్షన్ పేరు పైన కనిపించినంత మాత్రాన తప్పు హర్ఫ్‌బజ్‌ది కాదు, దాన్ని పిలిచి వదలని వరుస అంతకు రెండు మూడు మెట్లు కింద ఉంటుంది.

ఐఫోన్‌లో, ఫ్లట్టర్‌లో

ఆండ్రాయిడ్ కలెక్టర్ మొదలు నుంచి అందని వాటినన్నిటినీ తీసేస్తుంది. అందుకే పాఠం తెరను, తెర పాఠాన్ని పట్టుకున్నా, బయటి నుంచి ఎవరూ పట్టుకోనంతవరకు అక్కడ లీక్ ఉండదు. ఐఫోన్‌లో ఉన్నది పైన నేటివ్ వైపు చెప్పిన లెక్కల పద్ధతి కాబట్టి అదే జంట ఒకరినొకరు బతికించుకుంటూ మిగిలిపోతుంది. ఆండ్రాయిడ్‌లో నిరపాయంగా నడిచిన రూపకల్పనను ఐఫోన్‌కు తీసుకెళ్ళినప్పుడు కొత్తగా లీక్ పుట్టడానికి ఇదే కారణం. కోర్ టెక్స్ట్‌లో (ఐఫోన్‌లో పాఠాన్ని కూర్చి గీసే భాగం) పాఠం మధ్య బొమ్మకు చోటు ఉంచే రన్ డెలిగేట్ వాడేటప్పుడు, దానికి ఇచ్చిన వస్తువును చివరి పిలుపులో చేత్తో వదలాలి, స్విఫ్ట్ భాష దాన్ని తనంతట తాను వదలదు. ఐఫోన్ యాప్‌లు రాసే ఎక్స్‌కోడ్‌లోని మెమరీ గ్రాఫ్ ఈ చక్రాలను బొమ్మగా చూపుతుంది. పట్టికలో మరిచిపోయిన పాఠాన్ని మాత్రం లీక్స్ పనిముట్టు లీక్‌గా గుర్తించదు, దానికి ఇన్‌స్ట్రుమెంట్స్‌లో తరాలవారీగా కేటాయింపులను పోల్చి చూడాలి.

ఒకే కోడ్‌తో రెండు రకాల ఫోన్లకూ యాప్ రాసే ఫ్లట్టర్‌లో పాఠం మీద నొక్కుడును గుర్తించే వస్తువును పాఠం తనంతట తాను వదలదు, తయారుచేసిన విడ్జెటే (తెర మీది భాగం) మూసేటప్పుడు దాన్ని వదలాలి. సొంతంగా పాఠాన్ని గీసేందుకు వాడే టెక్స్ట్‌పెయింటర్‌కూ ఇదే నియమం.

దిద్దిన తర్వాత

దిద్దుబాటు నిలిచిందా లేదా అన్నది ఇంగ్లిష్‌లో పరీక్షిస్తే తేలదు, లీక్ ఉన్న దారి తెలుగులోనే తెరుచుకుంటుంది కాబట్టి. ఫోన్ భాషను తెలుగుకు మార్చి, అక్షరాల పరిమాణాన్ని పెద్దది చేసి, తక్కువ మెమరీ ఉన్న ఫోన్‌లో వివరాల పేజీని ఏడుసార్లు తెరిచి మూయాలి. ఒక్కోసారి మధ్యలో ఫోన్‌ను అడ్డంగా తిప్పాలి, ఒకసారి బొమ్మను పంపాలి. మొదటి ఏడుసార్లలో క్యాష్‌లు నిండుతాయి కాబట్టి ఆ లెక్కను పక్కన పెట్టి, రెండో ఏడుసార్ల ముందూ తర్వాతా తీసిన అంకెలనే పోల్చాలి. యాక్టివిటీల సంఖ్య ఒకటికి తిరిగి వచ్చి, రెండో విడతలో నేటివ్ హీప్ చదునుగా నిలిస్తే ఆ చిల్లి పూడినట్టే. అప్పటికీ వాలు మిగిలి ఉంటే గొలుసులో ఇంకో లంకె ఉంది, హీప్ డంప్‌ను మళ్ళీ తీయాలి.